కౌంటీ క్రికెట్ క్లబ్ ఏజీఎం: మీ ఓటు లెక్కలోకి రావాలంటే ఏం చేయాలి

లీడ్స్‌లోనో మాంచెస్టర్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉంటూ కౌంటీ క్రికెట్ క్లబ్ మెంబర్‌షిప్ కట్టే తెలుగువాళ్లలో చాలామంది దాన్ని సీజన్ టికెట్‌లాగే వాడతారు. మ్యాచ్‌లకు వెళ్తారు గానీ ఏజీఎం (వార్షిక సర్వసభ్య సమావేశం) నోటీసు ఈమెయిల్‌లో వస్తే తెరిచి చూడరు. కానీ 18 ఫస్ట్‌క్లాస్ కౌంటీల్లో 15 సభ్యుల సొంతం. బోర్డులో ఎవరు కూర్చోవాలి, నియమావళి ఎలా మారాలి, క్లబ్బును కంపెనీగా మార్చవచ్చా అనే విషయాలు చివరికి తేలేది సభ్యుల ఓట్లతోనే. హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌లో ఓటు ప్రధానంగా క్లబ్బులది. ఇక్కడ ఓటు మనిషిది. ముప్పై ఏళ్ల నుంచి సభ్యుడైనా, నిరుడు చేరినా, ఒక్కటే ఓటు.

అయితే సమావేశం రోజు హాల్లో లేచి మాట్లాడి ఫలితాన్ని తిప్పేయడం చాలా అరుదు. నియమావళిలో రాసిన గడువుల దగ్గరే, వారాల ముందే, సగం ఫలితం తేలిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఏజీఎంకు ముందు చేయాల్సిన పనుల గురించే.

మీ క్లబ్ ఎవరిది, మీ మెంబర్‌షిప్‌కు ఓటు ఉందా

హాంప్‌షైర్, డర్హమ్, నార్తాంప్టన్‌షైర్ సభ్యుల సొంతం కాదు. హాంప్‌షైర్ 2001లోనే కంపెనీ అయింది. 2024 సెప్టెంబరులో దాన్ని కొనడానికి ఒప్పందం చేసుకున్నది మన రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ గ్రూపే. అక్కడ మెంబర్‌షిప్ కొంటే సీటు, డిస్కౌంట్లు, మీ మాట వినే వేదికలు ఉండవచ్చు గానీ, యజమానిగా ఓటు ఉండదు.

మరో గందరగోళం ‘హండ్రెడ్’ అనే వంద బంతుల లీగు జట్లది. యార్క్‌షైర్ కౌంటీ క్లబ్ సభ్యులది. కానీ హెడింగ్లీలో ఆడే సన్‌రైజర్స్ లీడ్స్ మొత్తంగా సన్ గ్రూపుది, అంటే సన్‌రైజర్స్ హైదరాబాద్ యజమానులది. ఆ జట్టు కెప్టెన్ గురించో జెర్సీ రంగు గురించో కౌంటీ ఏజీఎంలో అడిగితే ‘అది మా పరిధిలో లేదు’ అంటారు, అందులో తప్పేమీ లేదు. సర్రే సంగతి వేరు. ఎంఐ లండన్‌లో 51 శాతం ఆ క్లబ్ దగ్గరే ఉంది కాబట్టి అక్కడి సభ్యులు ఆ పెట్టుబడి గురించి బోర్డును నిలదీయవచ్చు.

తర్వాత మీ మెంబర్‌షిప్ ఏ రకమో చూడండి. పూర్తి మెంబర్‌షిప్‌కు సాధారణంగా ఓటు ఉంటుంది. టీ20 మ్యాచ్‌లకే పనికొచ్చే పాస్, జూనియర్ మెంబర్‌షిప్, కంపెనీ పేరున తీసుకున్న హాస్పిటాలిటీ ప్యాకేజీలకు చాలా చోట్ల ఉండదు. మన కుటుంబాలు ఎక్కువగా కొనేది టీ20 పాసే కావడంతో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. దూరప్రాంతాల వాళ్లకిచ్చే తక్కువ ధర మెంబర్‌షిప్‌కు కొన్ని క్లబ్బుల్లో ఓటు ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. మెంబర్‌షిప్ డెస్కుకు ఫోన్ చేయకుండా ఈమెయిల్ పెట్టి, ‘నా మెంబర్‌షిప్ నంబరు ఇది, రాబోయే ఏజీఎంలో నాకు ఓటు ఉందా, ఉంటే ఏ తేదీకల్లా రెన్యూ చేయాలి’ అని అడగండి. జవాబు రాతలో ఉంటే రేపు తలుపు దగ్గర వాదించాల్సిన పని ఉండదు.

రెన్యువల్ తేదీ దగ్గర పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. ఏజీఎంలు ఎక్కువగా సీజన్ మొదలయ్యే ఏప్రిల్‌కు అటూఇటూ జరుగుతాయి. పాత మెంబర్‌షిప్ ముగిసి, కొత్తది ‘మ్యాచ్‌లు మొదలయ్యాక కట్టొచ్చులే’ అనుకున్నవాళ్లకు ఆ మధ్యలో వచ్చే ఏజీఎంలో ఓటు పోతుంది. వాయిదాల్లో కట్టేవాళ్లు మొదటి వాయిదా పడితే సరిపోతుందా అనేది కూడా అడగాలి.

నియమావళి తెచ్చుకోండి

సభ్యుల క్లబ్బుల్లో చాలా మటుకు కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీలుగా నమోదైనవి. వాటికి 2014 నాటి కోఆపరేటివ్ అండ్ కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీస్ చట్టం వర్తిస్తుంది. ఇలాంటి సొసైటీల నియమావళి, వార్షిక రిటర్నులు ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ వారి మ్యూచువల్స్ రిజిస్టర్‌లో ఉచితంగా దొరుకుతాయి. క్లబ్ వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతిని మాత్రమే నమ్ముకోకండి. నియమావళిలో ఏ సవరణైనా ఆ అథారిటీ దగ్గర నమోదయ్యేదాకా చెల్లదు. వెబ్‌సైట్‌లో పాత ప్రతి మిగిలిపోవచ్చు, నమోదు కాని కొత్త ప్రతి పెట్టి ఉండనూ వచ్చు. రిజిస్టర్‌లో అన్నిటికన్నా తాజాగా నమోదైనదే ప్రమాణం.

దొరికాక మొత్తం ఒకసారి చదివి, వీటిని మాత్రం కాగితం మీద విడిగా రాసుకోండి: సమావేశానికి ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, సభ్యులు తీర్మానం పంపడానికి గడువు ఎప్పుడు, ఎంతమంది సంతకాలు కావాలి, బోర్డు నామినేషన్లకు గడువు, కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంత, ప్రాక్సీ ఫారం (రాలేనివాళ్లు తమ ఓటును వేరేవాళ్లకు అప్పగించే పత్రం) ఎన్ని గంటల ముందు చేరాలి, పోల్ (చేతులెత్తడం కాకుండా ప్రాక్సీలతో సహా ప్రతి ఓటునూ లెక్కించడం) అడగడానికి ఎంతమంది కావాలి, ప్రత్యేక సమావేశం కోరడానికి ఎంతమంది కావాలి, నియమావళి సవరణకు మూడింట రెండొంతులా, నాలుగింట మూడొంతులా. ఈ సంఖ్యలు క్లబ్బు క్లబ్బుకూ మారతాయి. పక్క కౌంటీ స్నేహితుడు చెప్పినదాన్ని బట్టి పోతే దెబ్బతింటారు.

రోజుల లెక్క

‘21 క్లియర్ డేస్’ అని ఉంటే నోటీసు అందిన రోజూ, సమావేశం రోజూ లెక్కలోకి రావు. 2026 మార్చి 28, శనివారం ఏజీఎం అనుకుందాం. మధ్యలో 21 రోజులు పూర్తిగా ఉండాలంటే మార్చి 7 నుంచి 27 దాకా రావాలి. అంటే నోటీసు 6వ తేదీకల్లా అందినట్టు లెక్క తేలాలి. పోస్టులో వేసిన ఉత్తరం 48 గంటలకు అందినట్టు పరిగణిస్తామని నియమావళిలో ఉంటే 4వ తేదీకల్లా పోస్టు చేసి ఉండాలి. ఒక్కరోజు తగ్గినా ఆ సమావేశంలో చేసిన తీర్మానాల చెల్లుబాటును ఎవరైనా ప్రశ్నించవచ్చు. మీకు అనుకూలమైన తీర్మానమైనా సరే ఇదే వర్తిస్తుంది కాబట్టి, లోపం కనిపిస్తే దాచుకోకుండా వెంటనే సెక్రటరీకి రాయండి.

ప్రాక్సీ గడువు కూడా ఇలాగే లెక్కేయాలి. సమావేశం శనివారం ఉదయం 11కి ఉండి, ప్రాక్సీ 48 గంటల ముందు చేరాలంటే గురువారం ఉదయం 11 ఆఖరు. శని, ఆదివారాలు లెక్కలోకి రావని నియమావళిలో ఉంటే ఆ గడువు మారవచ్చు. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ఓటేద్దామని కూర్చునేసరికి పోర్టల్ మూసేసి ఉంటుంది.

ఇక మీరు తీర్మానం పెట్టాలంటే నోటీసు వచ్చేదాకా ఆగితే కుదరదు. నోటీసులోనే మీ తీర్మానం ఉండాలి కాబట్టి దాని గడువు నోటీసు కన్నా ముందే ముగుస్తుంది. వసంతంలో జరిగే ఏజీఎంకు క్రిస్మస్ ముందే పని మొదలుపెట్టాలి.

లెక్కలు చదవడం

వార్షిక నివేదికలో చైర్మన్ ముందుమాట ఆఖర్న చదవండి. మొదట ఆడిటర్ నివేదిక చూడండి. క్లబ్ ఇంకో ఏడాది నడవగలదా అనే విషయంలో ‘మెటీరియల్ అన్‌సర్టెంటీ’ అనే మాట కనిపిస్తే, మిగతా పేజీలన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకునే చదవాలి.

తర్వాత బ్యాలెన్స్ షీట్. ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు ఒకవైపు, నగదు మరోవైపు పెట్టి పోల్చండి. ఇక్కడ తేలికగా పొరబడే చోటొకటి ఉంది. చాలా క్లబ్బుల ఆర్థిక సంవత్సరం చలికాలంలో ముగుస్తుంది. అప్పటికి వచ్చే సీజన్ మెంబర్‌షిప్‌లకూ టెస్టు టికెట్లకూ డబ్బు ముందే వసూలై ఉంటుంది. బ్యాంకులో అది దండిగా కనిపిస్తుంది. అదే మొత్తం అప్పుల వైపు ‘డిఫర్డ్ ఇన్‌కమ్’ పేరుతో ఉంటుంది, ఎందుకంటే ఆ మ్యాచ్‌లు ఇంకా ఆడలేదు. నగదులోంచి ఆ డిఫర్డ్ ఇన్‌కమ్ తీసేసి చూస్తే, ఏడాది పొడవునా జీతాలివ్వడానికి క్లబ్ చేతిలో నిజంగా ఎంతుందో తెలుస్తుంది.

మూడోది లాభం. క్లబ్బులు వేదిక మీద చెప్పే అంకె ఎక్కువగా ఎబిట్డా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం. అప్పు చేసి స్టాండ్లు కట్టిన క్లబ్బుకు బరువైన ఖర్చులు వడ్డీ, తరుగుదలే. వాటిని తీసేయకుండా చెప్పిన లాభం సభ్యుడికి పెద్దగా ఉపయోగపడదు. ఆదాయ వ్యయాల పట్టికలో చివరి వరుస దాకా వెళ్లండి.

నిరుటితో పోలిక కూడా జాగ్రత్తగా చేయాలి. హెడింగ్లీలో 2023లో యాషెస్ టెస్టు జరిగింది. 2024లో పురుషుల టెస్టు లేదు. 2025లో భారత్ టెస్టు జరిగింది. 2025 లెక్కల పక్కన 2024 అంకెలు అచ్చు వేస్తే ఎవరి హయాంలోనైనా అద్భుతం జరిగినట్టే ఉంటుంది. 2025ను 2023తో పోల్చాలి. 2027 పురుషుల యాషెస్ టెస్టుల్లో హెడింగ్లీకీ ఓల్డ్ ట్రాఫర్డ్‌కూ చోటు లేదు కాబట్టి, ఆ మైదానాల క్లబ్బులైన యార్క్‌షైర్, లాంకషైర్ సభ్యులు ఆ ఏడాది బడ్జెట్ గురించి ఇప్పటి నుంచే అడగాలి.

హండ్రెడ్ జట్ల వాటాల అమ్మకంతో ఇంగ్లండ్ క్రికెట్‌కు 500 మిలియన్ పౌండ్లకు పైగా వచ్చింది. మీ కౌంటీకి వచ్చిన వాటా ఒక్కసారి వచ్చే డబ్బు. అందులో ఎంత అప్పు తీర్చడానికి పోయింది, ఎంత నిల్వలో పెట్టారు, ఎంత ఆటగాళ్ల జీతాల్లాంటి ఏటేటా వచ్చే ఖర్చుల్లో కలిసిపోయింది? రాబోయే కొన్నేళ్లలో ఏ ఏజీఎంలోనైనా ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న లేదని మా అభిప్రాయం. ఒక్కసారి వచ్చిన డబ్బుతో శాశ్వత ఖర్చులు పెంచుకున్న క్లబ్, అది అయిపోయిన రోజున అమ్మకానికి వస్తుంది.

చివరి నోట్లలో ‘రిలేటెడ్ పార్టీ’ అనే శీర్షిక వెతకండి. బోర్డు సభ్యులకో వాళ్ల కుటుంబాలకో సంబంధించిన సంస్థలతో క్లబ్ చేసిన లావాదేవీలు, వాళ్లిచ్చిన అప్పులు అక్కడే ఉంటాయి. అప్పు ఇచ్చినవాడి చేతిలో ఎంత పట్టు ఉంటుందో యార్క్‌షైర్ సభ్యులకు బాగా తెలుసు. బోర్డు నియామకాల్లో క్లబ్బుకు అప్పిచ్చిన మాజీ చైర్మన్ కోలిన్ గ్రేవ్స్ కుటుంబ ట్రస్టుకున్న అధికారం మీద 2022 మార్చి 31న ప్రత్యేక సమావేశం జరిగింది. 2024 ఫిబ్రవరిలో గ్రేవ్స్ చైర్మన్‌గా తిరిగి రావడానికి కూడా సభ్యుల ఓటే కావాల్సి వచ్చింది.

ప్రశ్న ఎలా అడగాలి

ముందుగా రాసి పంపండి. అప్పటికప్పుడు అడిగితే ‘కనుక్కుని చెబుతాం’ అంటారు, అంతటితో సరి. ప్రశ్న చిన్నదిగా, ఒక పేజీ నంబరుతో, అంకెతోనే జవాబివ్వాల్సిన విధంగా ఉండాలి.

‘క్లబ్ ఆర్థిక పరిస్థితి మీద మాకు ఆందోళనగా ఉంది, దయచేసి వివరించండి’ అని అడిగితే చైర్మన్ పది నిమిషాలు మాట్లాడి ఏమీ చెప్పకుండా కూర్చోవచ్చు. ‘నోట్ 14లో ఉన్న బ్యాంకు అప్పులో వచ్చే 12 నెలల్లో ఎంత కట్టాలి? ఆ డబ్బు ఏ ఆదాయం నుంచి వస్తుంది?’ అని అడిగితే తప్పించుకోవడానికి దారి ఉండదు. జవాబు సంతృప్తిగా లేకపోతే అడగడానికి ఒక అనుబంధ ప్రశ్న కూడా ముందే రాసి పెట్టుకోండి. మైకు మళ్లీ చేతికి రాదు.

తీర్మానం పెట్టడం

సభ్యుల తీర్మానాలు ఎక్కువగా పడిపోయేది ఓటింగులో కాదు, సెక్రటరీ బల్ల మీద. ప్రతి సంతకం పక్కన క్లబ్ రికార్డులో ఉన్న పేరే, మెంబర్‌షిప్ నంబరుతో సహా ఉండాలి. మన పేర్లతో ఇది నిజమైన సమస్య. కార్డు మీద ఇంటిపేరు ముందుంటే సంతకాల పత్రంలోనూ అలాగే రాయించండి. కావాల్సిన సంఖ్య కన్నా మూడోవంతు ఎక్కువ సంతకాలు తీసుకోండి. రెన్యూ చేయనివాళ్లు, ఓటులేని రకం మెంబర్లు ఏరివేతలో పోతారు. ఆన్‌లైన్ పిటిషన్‌ను సంతకాలుగా ఒప్పుకుంటారా లేదా అన్నది మొదలుపెట్టే ముందే రాతలో అడగండి.

తీర్మానం రాసేటప్పుడు ‘ఇంగ్లండ్ బోర్డు దగ్గర కౌంటీల ఓటింగులో మన చైర్మన్ ఇలాగే ఓటు వేయాలి’ అని ఆదేశించకండి. క్లబ్ ప్రయోజనం ఏమిటో తమ విచక్షణతో నిర్ణయించాల్సిన చట్టపరమైన బాధ్యత డైరెక్టర్ల మీద ఉందని చెప్పి దాన్ని తోసిపుచ్చడం తేలిక. ఇలా రాస్తే నిలుస్తుంది: ‘సభ్యులను సంప్రదించకుండా కౌంటీ చాంపియన్‌షిప్ మ్యాచ్‌ల సంఖ్య తగ్గించే ఏ ప్రతిపాదనకూ ఈ క్లబ్ మద్దతు ఇవ్వకూడదని ఈ సమావేశం అభిప్రాయపడుతోంది.’ చట్టరీత్యా ఇది బోర్డును కట్టిపడేయకపోవచ్చు. కానీ భారీ మెజారిటీతో నెగ్గిన అభిప్రాయాన్ని కాదని వెళ్లే చైర్మన్ మళ్లీ ఎన్నికకు వచ్చినప్పుడు జవాబు చెప్పుకోవాలి. 2022లో ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ ఆండ్రూ స్ట్రాస్ సమీక్ష చాంపియన్‌షిప్‌ను 14 మ్యాచ్‌ల నుంచి 10కి తగ్గించమంది. అది నెగ్గాలంటే 18 కౌంటీల్లో 12 ఒప్పుకోవాలి. సభ్యులు ఎక్కడికక్కడ తమ చైర్మన్ల మీద ఒత్తిడి తెచ్చారు, ఆ ప్రతిపాదన ముందుకు పోలేదు. ఏడు కౌంటీల సభ్యులు గట్టిగా నిలబడితే చాలు, ఇలాంటి మార్పు ఆగిపోతుంది.

ప్రాక్సీ

ఫారంలో చైర్మన్ పేరు ముందే అచ్చై ఉంటుంది. దాని కింద ప్రతి తీర్మానానికీ ‘అనుకూలం, వ్యతిరేకం, తటస్థం, ప్రాక్సీ ఇష్టం’ అని గళ్లు ఉంటాయి. గళ్లు ఖాళీగా వదిలి సంతకం పెడితే ఆ ఓటు చైర్మన్ ఇష్టానికి వెళ్లిపోతుంది. హాల్లో వందమంది చేతులెత్తినా అటువైపు ఇలాంటి ఖాళీ ప్రాక్సీలు కొన్ని వందలు ఉంటే ఫలితం వాటిదే. ఇది నియమావళి ప్రకారం సక్రమమే, కానీ సభ్యుల చేతిలో ఉన్న బలాన్ని తెలియకుండానే అప్పగించడం. ప్రతి గడీ నింపండి. మీరు రాలేకపోతే, తప్పకుండా వెళ్లే స్నేహితుడిని ప్రాక్సీగా పెట్టండి. అతను రాకపోతే మీ ఓటు లేనట్టే.

చేతులెత్తే ఓటింగులో ప్రాక్సీలు లెక్కకు రాకపోవచ్చు. ఫలితం అటూఇటూగా ఉందనిపిస్తే, ప్రకటించకముందే లేదా ప్రకటించిన వెంటనే పోల్ అడగాలి. దానికి కావాల్సినంత మంది ఒకే వరుసలో కూర్చుని ఉంటే మంచిది. తర్వాతి అంశం మొదలైతే అవకాశం పోతుంది.

హాల్లో

కార్డు, ఫొటో గుర్తింపు, నియమావళి ప్రింటు పట్టుకెళ్లండి. అరగంట ముందు వెళ్లి పేరు నమోదు చేయించుకోండి. నోటీసులో లేని విషయాన్ని ‘ఎనీ అదర్ బిజినెస్’ కింద చర్చించవచ్చేమో గానీ దాని మీద కట్టుబడే ఓటు జరగదు. అక్కడికక్కడ తీర్మానం మార్చాలన్నా అర్థం మారనంతవరకే ఒప్పుకుంటారు. నియమం గురించి అభ్యంతరం ఉంటే ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్’ అని చెప్పి, నియమం సంఖ్య చదివి కూర్చోండి. చైర్మన్ కాదంటే వాదన పెంచకుండా, మీ అభ్యంతరాన్ని సమావేశం రికార్డు అయిన మినిట్స్‌లో రాయమని అడగండి.

బోర్డుకు పోటీ చేయాలనుకుంటే

బోర్డులో అన్ని స్థానాలూ ఎన్నికవి కావు. కొందరిని నామినేషన్స్ కమిటీ ఎంపిక చేస్తుంది, కొందరిని సభ్యులు ఎన్నుకుంటారు. సభ్యులు ఎన్నుకునే స్థానానికి కూడా ముందు ఆ కమిటీ ఇంటర్వ్యూ పెట్టే క్లబ్బులున్నాయి. ప్రతిపాదించేవారు, బలపరిచేవారు, చిన్న పరిచయ ప్రకటన అడుగుతారు. ఆ ప్రకటనలో క్రికెట్ మీద ప్రేమ గురించి ఒక్క వాక్యం చాలు, అందరికీ అదుంటుంది. అకౌంట్స్, ఐటీ భద్రత, ఆస్తి వ్యవహారాలు, నగరంలోని దక్షిణాసియా లీగుల్లో మీ పని లాంటివి చెప్పండి. 2021లో యార్క్‌షైర్ జాత్యహంకార వ్యవహారం తర్వాత ఇంగ్లండ్ బోర్డు కౌంటీ బోర్డుల్లో 30 శాతం మహిళలు, స్థానిక జనాభాకు తగ్గ జాతి వైవిధ్యం ఉండాలని లక్ష్యం పెట్టింది. కాబట్టి క్లబ్బులు అర్హులైన మనవాళ్ల కోసం నిజంగానే చూస్తున్నాయి. ఎన్నికయ్యాక మాత్రం బోర్డు గదిలో విన్నది వాట్సాప్ గ్రూపులో చెప్పడం కుదరదు.

కంపెనీగా మార్చే ప్రతిపాదన వస్తే

సొసైటీని కంపెనీగా మార్చడాన్ని డీమ్యూచువలైజేషన్ అంటారు. దీనికి చట్టం గట్టి గడప పెట్టింది. ఓటుహక్కున్న సభ్యుల్లో కనీసం సగం మంది ఓటు వేయాలి, వేసినవాళ్లలో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి. ఆ తర్వాత 14 రోజులు దాటాక, నెలలోపు, రెండో సమావేశంలో సాధారణ మెజారిటీతో ధ్రువీకరించాలి. 6,000 మంది సభ్యులున్న క్లబ్బులో కనీసం 3,000 మంది ఓటేయాలి. సరిగ్గా అంతమందే వేస్తే 2,250 అనుకూలంగా రావాలి. ఈ ఒక్క సందర్భంలో మాత్రం ఓటు వేయకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది. వ్యతిరేకించేవాళ్లు ఓటేస్తే సగం గడప దాటడానికి వాళ్లే సాయపడినట్టవుతుంది, వేయకపోతే నాలుగోవంతుకు పైగా వ్యతిరేక ఓట్లతో దాన్ని ఆపే బలం తగ్గుతుంది. ఏది మేలో ఆ క్లబ్బులో మామూలుగా ఎంతమంది ఓటేస్తారో చూసి, కలిసి నిర్ణయించుకోవాలి. విడివిడిగా తలో దారీ పడితే రెండువిధాలా నష్టమే.

మామూలు నియమావళి సవరణలో ఈ చిక్కు లేదు. అక్కడ వేసిన ఓట్లే లెక్క. 75 శాతం కావాల్సిన చోట 1,000 ఓట్లలో 749 వస్తే పడిపోయినట్టే.

సమావేశం అయ్యాక

వారంలోపు సెక్రటరీకి రాసి ప్రతి తీర్మానానికీ అనుకూల, వ్యతిరేక, తటస్థ ఓట్లు, వాటిలో చైర్మన్ ఇష్టానికి వదిలిన ప్రాక్సీలు ఎన్నో అడగండి. మినిట్స్ ముసాయిదా ఎప్పుడు వస్తుందో కనుక్కోండి. వేదిక మీద ‘తర్వాత చెబుతాం’ అన్న జవాబులన్నిటినీ ఒక జాబితాగా అదే ఉత్తరంలో పెట్టండి. నియమావళి సవరణ నెగ్గి ఉంటే కొన్ని వారాల తర్వాత మ్యూచువల్స్ రిజిస్టర్‌లో నమోదైందో లేదో చూడండి. వార్షిక రిటర్ను కూడా ఆర్థిక సంవత్సరం ముగిసిన ఏడు నెలల్లోపు అక్కడికి చేరాలి.

క్లబ్ అసలు జవాబే ఇవ్వకపోతే, నమోదైన సొసైటీ సభ్యులకు చట్టంలో ఇంకో తలుపు ఉంది. కనీసం 12 నెలలుగా సభ్యులైన పదిమంది కలిసి, క్లబ్ పుస్తకాలు తనిఖీ చేయడానికి అకౌంటెంట్‌ను నియమించమని ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీని కోరవచ్చు. ఖర్చులకు ముందుగా హామీ అడుగుతారు కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ పదిమందీ ఎవరెంత భరిస్తారో కాగితం మీద రాసుకుని సంతకాలు చేయాలి. దరఖాస్తుకు మీరు క్లబ్బుకు రాసిన ఉత్తరాలు, తేదీలు, వచ్చిన లేదా రాని జవాబులు జతచేయాలి. మొదటి ఈమెయిల్ నుంచి అన్నీ ఒకే ఫోల్డర్‌లో దాచుకోమనేది అందుకే.